రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌లో లైంగిక జీవితం: ముడి ఎక్కడ పడుతోంది?

రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ ఉన్నవారి రోజువారీ జీవితం ఎలా సాగుతోందో తెలుసుకోవడానికి డాక్టర్లు వాడే ప్రశ్నావళుల్లో చాలా విషయాలుంటాయి. గుండీలు పెట్టుకోగలుగుతున్నారా, నిండు గ్లాసు నోటిదాకా ఎత్తగలుగుతున్నారా, కుళాయి తిప్పగలుగుతున్నారా, మెట్లెక్కగలుగుతున్నారా. పడకగది సంగతి మాత్రం చాలాచోట్ల ప్రస్తావనకే రాదు. ఇబ్బంది ఉంటే రోగే చెబుతారులే అని డాక్టరు ఊరుకుంటారు. అడిగితే చెబుదాంలే అని రోగి ఊరుకుంటారు. ఈలోగా అక్కడా ఇక్కడా దొరికే సమాధానాలు రెండే రకాలు. ‘నొప్పి తగ్గితే అన్నీ వాటంతటవే సర్దుకుంటాయి’ అనేది ఒకటి. ‘ఈ మందులు మొదలుపెడితే ఇక అంతే’ అనేది రెండోది.

రెండింట్లోనూ కాస్త నిజం ఉంది కాబట్టే అవి ఇంతకాలం నిలిచాయి. చిక్కల్లా ఏమిటంటే, ఈ జబ్బు లైంగిక జీవితాన్ని తాకే దారులు చాలా ఉన్నాయి. కీళ్లు ఒక దారి, అలసట ఇంకో దారి. గ్రంథులు ఎండిపోవడం, రక్తనాళాలు దెబ్బతినడం, మందులు, మనసు ఇలా ఒక్కోటీ ఒక్కో తీరున పనిచేస్తుంది. ఒకదానికి పనికొచ్చే ఉపాయం ఇంకోదానికి పనికిరాదు. పొడిబారడం వల్ల నొప్పి పుడుతుంటే కీళ్ల నొప్పి మాత్ర ఏం చేస్తుంది?

## ముందు రెండు మాటలకు అర్థం

రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ (ఇక్కడ కీళ్లవాతం అన్నా ఇదే) అంటే వయసుతో కీళ్లు అరిగిపోవడం కాదు. శరీరాన్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే కీలు లోపలి పొర మీద దాడి చేస్తుంది. ఆ పొర వాచి, మందమై, క్రమంగా మృదులాస్థినీ ఎముకనూ తినేస్తుంది. సాధారణంగా రెండు చేతుల్లో, రెండు పాదాల్లో చిన్న కీళ్లతో మొదలవుతుంది. పురుషులకన్నా స్త్రీలలో రెండు మూడు రెట్లు ఎక్కువ. చాలామందికి 30, 60 ఏళ్ల మధ్య మొదలవుతుంది కాబట్టి పిల్లల్ని కనాలనుకునే వయసు కూడా అందులోనే పడుతుంది. పైగా ఇది కీళ్ల దగ్గరే ఆగదు. రక్తనాళాలు, లాలాజల గ్రంథులు, కన్నీటి గ్రంథులు, ఊపిరితిత్తులు కూడా దీని బారిన పడొచ్చు.

లైంగిక ఆరోగ్యం అంటే కలయిక జరగడం, జరగకపోవడం మాత్రమే కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని శారీరక, మానసిక, భావోద్వేగ, సామాజిక క్షేమంగా నిర్వచిస్తుంది. ఈ వ్యాసానికి సరిపడేలా దీన్ని రెండు ముక్కలు చేసుకోవచ్చు. మనసుకు కావాలని ఉన్నా ఒళ్లు సహకరించకపోవడం ఒకటి. అసలు కోరికే తగ్గడం, తృప్తి లేకపోవడం రెండోది. మొదటిదానికి తుంటి, మోకాలు లాంటి కీళ్లతో సంబంధం ఎక్కువ. రెండోదానికి అలసట, కుంగుబాటు, తన ఒంటిమీద తనకున్న అభిప్రాయంతో సంబంధం ఎక్కువ. ఒకే మనిషికి రెండూ ఉండొచ్చు.

## మూడో వంతు మందికా, మూడొంతుల మందికా?

కీళ్లవాతం ఉన్నవారిలో లైంగిక ఇబ్బందులు ఎంతమందికి అన్న ప్రశ్నకు పరిశోధనలు ఇచ్చే జవాబు సుమారు మూడో వంతు నుంచి మూడొంతుల దాకా పాకుతుంది. ఇంత తేడా ఎందుకో తెలియాలంటే కొలిచే పద్ధతి చూడాలి.

మహిళల విషయంలో ఎక్కువగా వాడేది 2000లో వచ్చిన ఎఫ్‌ఎస్‌ఎఫ్‌ఐ అనే ప్రశ్నావళి. 19 ప్రశ్నలు. కోరిక, ఉద్రేకం, తడి, భావప్రాప్తి, తృప్తి, నొప్పి అని ఆరు విభాగాలు. అన్నీ కలిపి 36 మార్కులు. 26.55 దాటకపోతే సమస్య ఉన్నట్టు లెక్క. మెలిక ఇక్కడే ఉంది. ప్రశ్నలన్నీ గడిచిన నాలుగు వారాల గురించే. ఆ నెల్లో భర్త దూరంగా ఉన్నాడనుకుందాం. కలయిక జరగలేదన్న జవాబుకు చాలా ప్రశ్నల్లో సున్నా పడుతుంది. ఆమెకు కోరికలో 4.8, తృప్తిలో 3.2 వచ్చి, మిగతా నాలుగు విభాగాల్లోనూ సున్నాలు పడితే మొత్తం 8. ఒంట్లో ఏ లోపమూ లేకపోయినా కాగితం మీద ఆమెది తీవ్రమైన సమస్య. అలాంటి జవాబుల్ని లెక్కలోంచి తీసేసే పరిశోధకులూ ఉన్నారు, ఉంచేవారూ ఉన్నారు. పురుషులకు వాడే 15 ప్రశ్నల ఐఐఈఎఫ్‌లోనూ ఇదే తంటా.

ఇంకో లోటు: మార్కులు తక్కువ వచ్చినంత మాత్రాన ఆ మనిషికి దాని గురించి బాధ ఉందని కాదు. బాధే లేకపోతే దాన్ని జబ్బనాలా? వైద్యుల మధ్య ఇంకా తేలని చర్చ ఇది. అందుకే శాతాల్ని చూసి బెంగపడటంలో అర్థం లేదు. ఇబ్బందులు అరుదు కావన్నంతవరకు ఆ అంకెల్ని నమ్మొచ్చు.

## గడియారంతో నడిచే జబ్బు

కీళ్లవాతంలో పొద్దుటి బిగుసుతనం గంటకు పైగా ఉండటం మామూలే. వాపును పెంచే ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి రసాయనాలు అర్ధరాత్రి దాటాక పెరుగుతూ వచ్చి తెల్లవారుజామున తారస్థాయికి చేరతాయి. ఈ లయను చూసుకునే, రాత్రి 10 గంటల ప్రాంతంలో మింగితే సుమారు నాలుగు గంటల తర్వాత కరిగే ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్ మాత్ర కూడా తయారైంది. రోజు గడిచేకొద్దీ బిగుసుతనం సడలుతుంది, కానీ అలసట పేరుకుంటుంది. చాలామంది దంపతులు దగ్గరయ్యే రెండు వేళలూ, అంటే బాగా పొద్దుపోయాకా, పొద్దున లేవగానే, ఈ జబ్బుకు అనువుగాని వేళలే.

ఒకామె రోజును లెక్క వేసి చూద్దాం. పొద్దున 6 గంటలకు లేస్తారు, చేతులు కాళ్లు 8 దాకా బిగుసుకునే ఉంటాయి. పని ముగిసి సాయంత్రం 7 అయ్యేసరికి ఒళ్లు పూర్తిగా డస్సిపోతుంది. నొప్పీ అలసటా రెండూ కాస్త తక్కువగా ఉండేది మధ్యాహ్నం భోజనం తర్వాత గంటో రెండు గంటలో విశ్రాంతి తీసుకున్నాక. సెలవు రోజుల్లో తప్ప అది కుదరదు. కుదిరిన రోజున గోరువెచ్చని నీళ్ల స్నానం కండరాల్ని వదులు చేస్తుంది. పారాసెటమాల్ పనిచేయడానికి అరగంట నుంచి గంట, నాప్రోక్సెన్‌కు గంట నుంచి రెండు గంటలు పడుతుంది. ఇక్కడ జరిగే పొరపాటు అదనపు మాత్ర వేసుకోవడం. ఎలాగూ వేసుకోవాల్సిన మోతాదునే ఆ వేళకు జరుపుకోవచ్చు. రోజు మొత్తం పరిమితి మారదు.

ముందే వేళ చూసుకుని దగ్గరవడంలో సహజత్వం ఏముంటుందని కొందరంటారు. ఆ మాటలో నిజముంది. కొన్ని జంటలకు అది పరీక్షకు కూర్చున్నట్టే ఉంటుంది. ఇంకొందరికి, ఎప్పుడు అడుగుతారో, ఎలా కాదనాలో అన్న భయం పోయి, ఎదురుచూడటమే బాగుంటుంది. దీనికి అందరికీ పనికొచ్చే జవాబు లేదు.

అలసట ఇంత ఉన్నవారికి కలయిక భారం కాదా అన్న అనుమానమూ వస్తుంది. కలయికకు అయ్యే శ్రమ సుమారు మూడు నాలుగు మెట్‌లు (ఊరికే కూర్చున్నప్పుడు ఒళ్లు ఖర్చుచేసే శక్తి ఒక మెట్). రెండంతస్తుల మెట్లు చురుగ్గా ఎక్కినంత, అదీ కొద్ది నిమిషాలే. శారీరక శ్రమ వల్ల జబ్బు తీవ్రత పెరగదన్నది వ్యాయామం మీద జరిగిన అధ్యయనాల్లో తేలింది. వాచి ఎర్రబడ్డ కీలు మీద బరువు వేస్తే నొప్పి పెరుగుతుంది, నిజమే. ఆ నొప్పి పెరగడం వేరు, జబ్బు ముదరడం వేరు.

## ఏ కీలు ఏ ఇబ్బంది పెడుతుంది

అన్నిటికన్నా ఎక్కువ అడ్డుపడేది తుంటి. కాళ్లు ఎడంగా పెట్టడం, తొడను పొట్టవైపు మడవడం రెండూ తుంటి కదలిక మీదే ఆధారపడతాయి. తుంటి బిగుసుకున్న స్త్రీకి వెల్లకిలా పడుకునే మామూలు భంగిమే అన్నిటికన్నా కష్టమైనది. ఇద్దరూ ఒకేవైపు తిరిగి పక్కకు ఒత్తిగిలి, భర్త వెనకవైపున ఉంటే తొడలు ఎడం చేయాల్సిన అవసరం బాగా తగ్గుతుంది. మోకాళ్లు కాస్త మడిచి వాటి మధ్య దిండు పెట్టుకుంటే పైకాలి బరువు తుంటిని లాగదు. వెల్లకిలా పడుకోవడమే ఇష్టమైతే మోకాళ్ల కింద దిండు ఉండాలి. నడుము కింద పెట్టే దిండు ఎత్తయిందైతే తుంటి ఇంకా వంగి మేలుకు బదులు కీడే చేస్తుంది.

మోకాలి సమస్య ఉన్నవారికి మోకాళ్ల మీద బరువు మోపే భంగిమలు కుదరవు. మంచం అంచున కూర్చోవడమో, ఒత్తిగిలడమో నయం. మణికట్టు, భుజం దెబ్బతిన్న పురుషుడు చేతుల మీద బరువు ఆనించలేడు. చేయి వెనక్కి వంచి అరచేత్తో ఆనడం మణికట్టుకు అన్నిటికన్నా ఎక్కువ ఒత్తిడి. మోచేయి బాగుంటే ముంజేతి మీద ఆనడం, లేకపోతే పైన ఉండే పాత్రను భార్యకు వదిలేయడం దారి. వేళ్లు వంకరపోయినవారు వేలి కొసలతో కాక చేతి వెనకభాగంతో, ముంజేత్తో తాకుతారు. ఇవన్నీ దంపతులు తమంతట తాము కనిపెట్టుకునే సర్దుబాట్లే. ఎవరైనా పైకి చెబితే కనిపెట్టడానికి పట్టే ఏళ్లు కలిసొస్తాయి.

దవడ కీలు గురించి దాదాపు ఎవరూ మాట్లాడరు. చెవి ముందుండే ఆ కీలుకు కూడా వాపు వస్తుంది. అప్పుడు ముద్దు పెట్టుకోవడమే నొప్పి.

మెడ విషయం మాత్రం తేలిగ్గా తీసుకోకూడనిది. చాలా ఏళ్లుగా జబ్బున్న కొందరిలో మెడలోని మొదటి, రెండో పూసల మధ్య కట్లు సడలిపోయి, తల ముందుకు వంచినప్పుడు పూస జారుతుంది. పక్కనే ఉన్నది వెన్నుపాము. మెడ వంచగానే వీపు మీదుగా కరెంటు పాకినట్టు ఉండటం, చేతుల్లో తిమ్మిర్లు, కాళ్లలో పట్టు తప్పడం దీనికి గుర్తులు. ఇవి ఉన్నవారికి ముందు ఎక్స్‌రే, అవసరమైతే ఎంఆర్‌ఐ. తల కింద ఎత్తు దిండు పెట్టి మెడ ముందుకు వంగిపోయే భంగిమలు వారికి ప్రమాదం.

తుంటి మార్పిడి చేయించుకున్నవారికి మళ్లీ కలయికకు సాధారణంగా ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. సర్జన్ కీలును వెనకవైపు నుంచి తెరిచి ఉంటే కొన్నాళ్లపాటు మూడు కదలికలు నిషిద్ధం: తుంటిని 90 డిగ్రీలు దాటి వంచడం, కాలిని మధ్యగీత దాటి అవతలికి తేవడం, పాదం లోపలికి తిరిగేలా కాలిని మెలితిప్పడం. మూడూ ఒకేసారి జరిగితే కొత్త కీలు జారిపోవచ్చు. ముందువైపు నుంచి చేసిన శస్త్రచికిత్సకు జాగ్రత్తలు వేరు. కాబట్టి అదే ఆపరేషన్ అయిన ఇంకొకరి సలహా తనకు వర్తించకపోవచ్చు.

## పొడిబారడం: కీళ్ల మాత్రకు లొంగని నొప్పి

కీళ్లవాతం ఉన్న కొందరిలో షోగ్రెన్ సిండ్రోమ్ కూడా తోడవుతుంది. రోగనిరోధక కణాలు తడినిచ్చే గ్రంథుల మీద పడతాయి. కళ్లలో ఇసుక పడ్డట్టుండటం, నీళ్లు లేకుండా మెతుకు దిగకపోవడం తెలిసిన లక్షణాలే. యోని పొడిబారడమూ అందులో భాగమేనని చాలామందికి తెలియదు. మెనోపాజ్‌లో ఉన్నవారికి ఈస్ట్రోజెన్ తగ్గడం అదనం.

ఇందుకు వాడేవి రెండు రకాలు, వాటిని ఒకటిగా పొరబడటం మామూలే. లూబ్రికెంట్ కలయిక సమయానికి మాత్రమే. మాయిశ్చరైజర్ వారానికి రెండు మూడుసార్లు, కలయికతో పని లేకుండా వాడేది. కణజాలాన్ని తడిగా ఉంచడమే దాని పని. ఇక లూబ్రికెంట్లలో అన్నీ ఒకటి కావు. నీటితో చేసిన కొన్నింటిలో గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ చాలా చిక్కగా ఉంటాయి. అవి కణాల్లోంచి నీటిని బయటికి లాగి, కాసేపటికి మంట పుట్టిస్తాయి. కాబట్టే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆస్మోలాలిటీ (ద్రవంలో కరిగిన పదార్థాల చిక్కదనానికి కొలత) 1200 దాటకూడదని, పీహెచ్ 4.5 దరిదాపుల్లో ఉండాలని సూచించింది. సిలికాన్ రకాలు త్వరగా ఆరిపోవు. నూనె రకాలు రబ్బరు కండోమ్‌ను బలహీనపరిచి చింపేస్తాయి.

పదేపదే నొప్పి కలిగితే కటి కండరాలు ముందే బిగుసుకోవడం నేర్చుకుంటాయి. అప్పుడు పొడితనం తగ్గినా నొప్పి తగ్గదు. ఈ దశలో పనికొచ్చేది కటి కండరాల ఫిజియోథెరపీ. మెనోపాజ్ వల్ల వచ్చిన పొడికి యోనిలో పెట్టే తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ బాగా పనిచేస్తుంది, రక్తంలోకి చేరేది చాలా స్వల్పం. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు మాత్రం ఆంకాలజిస్టును అడగకుండా వాడకూడదు.

## పురుషుల్లో: గుండెకు ముందస్తు కబురు

కీళ్లవాతంలో గుండెజబ్బు ముప్పు మామూలువారికన్నా సుమారు ఒకటిన్నర రెట్లు. ఏళ్ల తరబడి ఉన్న వాపు రక్తనాళాల లోపలి పొరను గట్టిపరుస్తుంది. అంగానికి రక్తం తెచ్చే నాళాల వ్యాసం ఒకటి రెండు మిల్లీమీటర్లు, గుండె నాళాలది మూడు నాలుగు. సన్నవి ముందు మూసుకుపోతాయి కాబట్టి స్తంభన లోపం గుండె లక్షణాలకన్నా కొన్నేళ్లు ముందే కనిపించొచ్చు. కీళ్లవాతం ఉన్న 50 ఏళ్ల మనిషి ఈ ఇబ్బంది చెబితే రక్తపోటు, చక్కెర, కొలెస్ట్రాల్ చూడటం చికిత్సలో భాగమే.

సిల్డెనాఫిల్ (వయాగ్రా) లాంటి స్తంభన లోపం మందులు కీళ్లవాతం ఉన్నవారికీ పనిచేస్తాయి. ఛాతీనొప్పికి నైట్రేట్లు వాడేవారికి మాత్రం నిషిద్ధం. రక్తపోటు ప్రాణాపాయంగా పడిపోతుంది. సిల్డెనాఫిల్ వేసుకున్నాక 24 గంటలు, టడలాఫిల్ అయితే 48 గంటలు నైట్రేటు ఇవ్వరు.

జబ్బు తీవ్రంగా ఉన్న పురుషుల్లో టెస్టోస్టిరాన్ తక్కువగా కనిపించడమూ ఉంది. హార్మోన్ తగ్గడం వల్ల వాపు పెరిగిందా, వాపు వల్ల హార్మోన్ తగ్గిందా అన్నది పాత వాదన. వాపు, స్టెరాయిడ్లు, ఓపియాయిడ్ నొప్పి మందులు మూడూ హార్మోన్‌ను తగ్గిస్తాయని తెలుసు కనుక జబ్బు పోటెత్తి ఉన్నప్పుడు చేసిన ఒక్క పరీక్షతో నిర్ణయానికి రారు. పొద్దుటి పూట, వేర్వేరు రోజుల్లో రెండుసార్లు చూస్తారు. బయటి నుంచి టెస్టోస్టిరాన్ ఇస్తే వీర్యకణాల తయారీ పడిపోతుంది. పిల్లలు కావాలనుకునే మనిషికి ఈ సంగతి చెప్పకుండా ఇంజెక్షన్ ఇవ్వడం పెద్ద పొరపాటు.

## మందుల మీద మోపే నేరాల్లో ఏవి నిజం

కీళ్లవాతానికి ఎక్కువగా వాడే మెథోట్రెక్సేట్ పురుషత్వాన్ని హరిస్తుందన్న ప్రచారం బలంగా ఉంది. స్తంభన లోపం దానివల్ల వచ్చినట్టు నివేదికలు ఉన్నా అవి అరుదు. దాని అసలు ఇబ్బంది వేరు. వారానికోసారి వేసుకున్న మర్నాడు వికారం, నీరసం. ఆ రోజు వారాంతంలో పడితే దంపతులకు దొరికే ఒక్క తీరిక రోజూ పోతుంది. మాత్ర రోజు మార్చుకోవచ్చా అని డాక్టరును అడగడానికి ఎవరికీ తోచదు.

అసలు దోషి చాలాసార్లు కీళ్ల మందే కాదు. కుంగుబాటుకు ఇచ్చే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మందులు, నొప్పికీ కుంగుబాటుకూ వాడే డులాక్సెటిన్ భావప్రాప్తిని ఆలస్యం చేస్తాయి, కోరికను తగ్గిస్తాయి. మోతాదు మార్చడం, బుప్రోపియాన్, మిర్టాజపీన్ లాంటివాటికి మారడం వీలయ్యే పనే. స్టెరాయిడ్ అయిన ప్రెడ్నిసోలోన్ ఉబ్బిన ముఖం, మొటిమలు, పలచని చర్మం ద్వారా పరోక్షంగా దెబ్బతీస్తుంది. అద్దంలో తన ముఖం తనకే నచ్చనివారు దగ్గరికి రావడానికి వెనకాడతారు. అలాగని దాన్ని ఒక్కసారిగా మానేస్తే, శరీరం సొంతంగా కార్టిసోల్ తయారుచేసుకోలేక ప్రాణం మీదికి రావచ్చు.

## అంకె తగ్గింది, ఇబ్బంది తగ్గలేదు: ఎందుకు?

వాపు అదుపులోకొస్తే లైంగిక జీవితం దానంతటదే మెరుగవుతుందని ఒక వర్గం వైద్యుల నమ్మకం. వాపు పుట్టించే రసాయనాల్నో కణాల్నో గురిపెట్టి అడ్డుకునే బయలాజిక్ మందులు మొదలుపెట్టినవారిలో కొంత మెరుగుదల కనిపించడం వారికి ఆధారం. కుంగుబాటు, అలసట, దంపతుల మధ్య మాటలు కరువవడమే అసలు కారణాలని రెండో వర్గం అంటుంది. కీళ్లవాతం ఉన్న ప్రతి ఆరుగురిలో సుమారు ఒకరికి చికిత్స అవసరమైన కుంగుబాటు ఉంటుందన్నది వారి పక్షాన నిలిచే విషయం. ఎక్కువ అధ్యయనాలు ఒకే సమయంలో తీసిన ఫొటోల్లాంటివి. ఏది ముందు వచ్చిందో వాటిలో కనిపించదు. వాపు రసాయనాలే మెదడు మీద పనిచేసి అలసటనూ దిగులునూ పుట్టిస్తాయని తెలిశాక ఈ రెండు వర్గాల మధ్య గోడ కూడా పలచబడింది.

ఒక్క ఉదాహరణతో చూద్దాం. జబ్బు తీవ్రతను కొలిచే డీఏఎస్28 స్కోరు ఒకామెకు 5.4 నుంచి 2.3కి దిగింది. 2.6 కన్నా తక్కువ అంటే జబ్బు దాదాపు నిద్రపోయినట్టే. డాక్టరు సంతోషించారు. ఆమె పడకగదిలో మాత్రం ఏమీ మారలేదు. స్కోరు పేరులోని 28 అంటే లెక్కించే కీళ్లు: భుజాలు, మోచేతులు, మణికట్లు, చేతివేళ్ల కీళ్లు, మోకాళ్లు. అందులో తుంటి లేదు. మెడ, దవడ, పాదాలూ లేవు. పొడితనం, నిద్ర, దిగులు లెక్కలోకే రావు. పైగా ఇప్పటికే అరిగిన తుంటి, వాపు తగ్గినంత మాత్రాన తిరిగి మొలవదు. ఆమెకు పనికొచ్చేది తుంటి ఎక్స్‌రే, పొడితనం గురించి ఒక ప్రశ్న. బహుశా భర్తతో ఒక సంభాషణ కూడా. నొప్పి పెడుతుందేమోనని అతను దూరంగా ఉంటాడు, తనంటే ఇష్టం పోయిందని ఆమె అనుకుంటుంది. ఈ జబ్బున్న ఇళ్లలో తరచూ జరిగే అపార్థం ఇదే.

## గర్భం ఆపడానికీ, గర్భం ధరించడానికీ లెక్కలు

మెథోట్రెక్సేట్ పిండానికి హాని చేస్తుంది, గర్భస్రావానికీ దారితీస్తుంది. కాబట్టి అది వాడే స్త్రీకి నమ్మకమైన గర్భనిరోధకం తప్పదు. కాపర్-టీ, హార్మోన్ లూప్, చేతిలో పెట్టే ఇంప్లాంట్ అన్నిటికన్నా గట్టివి. వేళ్ల పని అవసరం లేకపోవడం వాటికున్న ఇంకో మేలు. కండోమ్ పొట్లం చింపడం, యోనిలో రింగు అమర్చుకోవడం వంకర వేళ్లకు కష్టం. కీళ్లవాతం ఉన్న చాలామంది గర్భనిరోధక మాత్రలు వాడొచ్చు. అయితే యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు ఉన్నవారికి ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు వద్దు, రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ. మూడు నెలలకోసారి తీసుకునే ఇంజెక్షన్ ఎముక సాంద్రతను తగ్గిస్తుంది. స్టెరాయిడ్ల మీద ఉన్నవారికి అది రెండో దెబ్బ.

గర్భానికి ఎంత ముందు మెథోట్రెక్సేట్ ఆపాలన్న దగ్గర సలహాలు ఒకదానికొకటి పొసగవు. అక్కడి కీళ్లవైద్యుల సంఘమైన అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2020 మార్గదర్శకాల్లో స్త్రీలకు ఒకటి నుంచి మూడు నెలలు. బ్రిటిష్ రుమటాలజీ సొసైటీ 2022లో కనీసం ఒక నెల. అమెరికాలో మందు పెట్టెలోని కాగితం ఆరు నెలలంటుంది. పురుషుల్ని ఆ కాగితం మూడు నెలలు ఆపమంటే, ఆ రెండు మార్గదర్శకాలూ కొనసాగించవచ్చంటాయి. కాగితం ఊహకందే ప్రతి ప్రమాదాన్నీ దృష్టిలో పెట్టుకుని రాసింది. మార్గదర్శకాలు, మందు వాడుతున్న తండ్రులకు పుట్టిన పిల్లల్లో లోపాలు పెరగలేదన్న పరిశీలనల్నీ, మందు ఆపితే జబ్బు తిరగబెట్టే నష్టాన్నీ తూచి రాసినవి.

కీళ్లవాతానికే వాడే లెఫ్లునమైడ్ అనే మందు లెక్క ఇంకోరకం. అది ఒంట్లోంచి చాలా నెమ్మదిగా పోతుంది. దానంతటదే పోవాలంటే కొందరిలో రెండేళ్ల దాకా పట్టొచ్చు. అంతకాలం ఆగలేనివారికి దాన్ని త్వరగా బయటికి పంపే కొలెస్టిరమీన్ 8 గ్రాములు రోజుకు మూడుసార్లు, 11 రోజులు ఇస్తారు. తర్వాత కనీసం 14 రోజుల తేడాతో చేసిన రెండు రక్తపరీక్షల్లోనూ లీటరుకు 0.02 మిల్లీగ్రాముల కన్నా తక్కువ ఉండాలి. అంటే జనవరి 1న మొదలుపెడితే నెలాఖరుకు మందు పోయినట్టు తేలుతుంది. కానీ కథ అక్కడితో అయిపోదు. గర్భంలోనూ వాడదగ్గ హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజీన్ లాంటివాటితో జబ్బు కొన్ని నెలలు నిలకడగా ఉండటం చూడాలి. ‘వచ్చే నెల నుంచి ప్రయత్నిద్దాం’ అన్న ఆలోచన ఆచరణలో అర్ధ సంవత్సరం అవుతుంది.

సల్ఫాసలజీన్ స్త్రీకి గర్భంలో ఫోలిక్ ఆసిడ్‌తో కలిపి వాడదగ్గది. పురుషుడిలో మాత్రం వీర్యకణాల సంఖ్యను తగ్గిస్తుంది. ఏడాదిగా పిల్లలు కలగని ఒక జంటలో భర్త ఈ మాత్ర వాడుతున్నాడనుకుందాం. ఆపిన రెండు వారాలకే మళ్లీ వీర్యపరీక్ష చేయిస్తే పాత ఫలితమే వస్తుంది, లోపం శాశ్వతమన్న దిగులు మిగులుతుంది. వీర్యకణం తయారవడానికే సుమారు 74 రోజులు, ఆపైన బయటికి రావడానికి మరికొన్ని రోజులు. మూడు నెలలకు చేసిన పరీక్షే అసలు సంగతి చెబుతుంది. నాప్రోక్సెన్ లాంటి నొప్పి తగ్గించే ఎన్‌ఎస్‌ఏఐడీలు స్త్రీలలో అండం విడుదలను అడ్డుకోవచ్చు. గర్భం ఆలస్యమవుతున్నవారి విషయంలో ముందుగా చూడాల్సిన చిన్న కారణాల్లో ఇదొకటి.

మెథోట్రెక్సేట్ వాడుతుండగానే నెల తప్పితే మాత్ర వెంటనే ఆపి అదే రోజు డాక్టరుకు చెప్పాలి. ప్రతి గర్భమూ దెబ్బతింటుందని కాదు. స్కానింగ్‌తో ఒక్కో వారం చూసుకుంటూ నిర్ణయించాల్సిన విషయం.

రోగనిరోధకతను తగ్గించే మందులు వాడేవారిలో, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ వదలకుండా ఉండిపోయే అవకాశం ఎక్కువ కాబట్టి గర్భాశయ ముఖద్వార పరీక్షలు వాయిదా వేయకూడదు. హెచ్‌పీవీ టీకాలో బతికున్న వైరస్ ఉండదు. ఈ మందుల మీద ఉన్నా వేయించుకోవచ్చు. ఇంతకుముందు తీసుకోని 26 నుంచి 45 ఏళ్ల లోపువారికి కూడా అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2022లో దీన్ని సూచించింది.

## ఈ మాట ఎత్తేదెవరు?

జాక్ అనన్ అనే మనస్తత్వవేత్త 1976లో ప్లిసిట్ అనే నాలుగు మెట్ల నమూనా ఇచ్చారు. మొదటి మెట్టు అనుమతి: ‘ఈ జబ్బుతో చాలామందికి దాంపత్యంలోనూ ఇబ్బందులొస్తాయి, మీకేమైనా ఉన్నాయా?’ అని అడగడం. రెండోది కొద్దిపాటి సమాచారం. మూడోది ఆ మనిషికి సరిపడే సూచన: దిండు ఎక్కడ పెట్టాలి, మాత్ర ఎప్పుడు వేసుకోవాలి వంటివి. నాలుగోది నిపుణుల దగ్గర చికిత్స. మొదటి మూడింటికి సెక్సాలజిస్టు అక్కర్లేదు. నర్సో, ఫిజియోథెరపిస్టో, రుమటాలజిస్టో చాలు. అడిగితే రోగులు నొచ్చుకుంటారని వైద్యుల భయం, అడిగితే తక్కువగా చూస్తారని రోగుల భయం. ఆ మొదటి ప్రశ్నకు పట్టేది అరనిమిషం.

నోరు పెగలనివారికి కాగితం పనికొస్తుంది. వాడుతున్న మందులన్నీ, కీళ్లవి కానివి కూడా. ఇబ్బంది ఎప్పుడు మొదలైంది, ఆ రోజుల్లో ఏ మందు కొత్తగా చేరింది. నొప్పి ఏ కీలులో, లేక కీలులో కాక యోనిలోనా. కళ్లు, నోరు పొడిబారుతున్నాయా. చివరి నెలసరి తేదీ, వచ్చే ఏడాదిలో పిల్లల ఆలోచన ఉందా లేదా. ఈ అయిదారు వరుసలు చదివిన డాక్టరు తుంటికి ఎక్స్‌రే రాయాలో, గైనకాలజిస్టుకు చీటీ రాయాలో, కుంగుబాటు మాత్ర మార్చాలో అక్కడికక్కడే తేల్చుకోగలుగుతారు.